పెన్నలో వాలుగ నిలవాలంటే ముందు ఒక మడుగు ఎంచుకోండి

మా సంగం చుట్టుపక్కల కుర్రాళ్లు కొత్తగా గాలం కర్ర కొనుక్కోగానే నన్ను అడిగే మాట ఒకటే: "మామా, పెద్ద వాలుగ ఎక్కడ పడుద్ది?" పెద్ద వాలుగ ఇంకా ఏట్లో ఉండాలంటే ఏం చేయాలో వాళ్లకోసమే రాస్తున్నాను. నెల్లూరు పులుసులో మనం ఇంత ఇష్టంగా తినే ఈ చేపను, అంతరించే జాతుల జాబితా తయారుచేసే అంతర్జాతీయ సంస్థ ఐయూసీఎన్ ముప్పులో ఉన్న జాతుల్లో చేర్చింది.

ఎండాకాలం సోమశిల డ్యాం దిగువన ఇసుక తేలి ఏరు పాయలుగా చీలిపోతే, పెద్ద చేపలన్నీ లోతు మడుగుల్లోకి చేరతాయి. వలలు, బ్యాటరీ కరెంటు, విషపు మందు, తోటాలు కూడా అక్కడికే వస్తాయి. ఒక్క రాత్రి చాలు, ఆ మడుగులో తల్లిచేప మిగలదు. అందుకే ఏరంతా కాపాడతామని బయల్దేరకండి. ఊరికి దగ్గరగా, పోయేవాళ్లకూ వచ్చేవాళ్లకూ కనపడేలా, మే నెలలో కూడా లోతు నిలిచే మడుగు ఒక్కటి చూసుకోండి.

ఆ మడుగులో ఎవరి వల పడుతోందో ముందు వాళ్ల గడప తొక్కండి. మా వైపు అయితే యానాది కుటుంబాలు, మత్స్య సహకార సంఘం వాళ్లు. వాలుగ ఏ గట్టు కింద నక్కుతుందో, చీకటిపడ్డాక ఎటు మేతకు కదులుతుందో వాళ్లకు తెలిసినంత మనకు తెలియదు. "చేపలు పట్టొద్దు" అని మొదలుపెడితే మాట అక్కడే ఆగిపోతుంది. రెక్కాడితేగానీ డొక్కాడనివాళ్లకు అలా చెప్పే హక్కు మనకు లేదు కూడా. "ఈ మడుగు ఒక్కటి వదిలేయండి, మిగతా ఏరు మీదే. కాపలాకు, గాలం వేయడానికి వచ్చేవాళ్ల వెంట వెళ్లడానికి మీ ఇళ్లవాళ్లకే కూలి ఇస్తాం" అనండి. ఆ డబ్బు నెలనెలా చేతికి అందాలి. నా దృష్టిలో అసలు పని ఇదే.

కావేరిలో మహసీర్ అనే పెద్ద ఏటిచేప కోసం ఇదే చేశారు. 1972లో బెంగళూరులో మొదలైన వైల్డ్‌లైఫ్ అసోసియేషన్ ఆఫ్ సౌత్ ఇండియా నదిలో కొంత భాగాన్ని లీజుకు తీసుకుని, పట్టిన చేపను వదిలేసే పద్ధతి పెట్టింది. గాలం వేసేవాళ్లు కట్టిన డబ్బుతో కాపలా నడిచింది. అంతకుముందు దొంగచాటుగా చేపలు పట్టినవాళ్లే కొందరు గైడ్లయ్యారు. ఆ తర్వాత అభయారణ్యం నిబంధనల వల్ల అక్కడ గాలం వేయడం ఆగిపోయింది. కాబట్టి మీ మడుగు ఎవరి హద్దులో ఉందో ముందే తేల్చుకోండి. పెనుశిల నరసింహ అభయారణ్యం హద్దులో అయితే గాలం ఊసే వద్దు. బయట అయితే మత్స్యశాఖ అనుమతి తీసుకోండి, గ్రామసభలో తీర్మానం చేయించండి, ఊళ్లోని జీవజాతుల వివరాలు రాసిపెట్టే పంచాయతీ జీవవైవిధ్య కమిటీ రిజిస్టర్‌లో మడుగు పేరు ఎక్కించండి. తోటాలు పేల్చడం, మందు కలపడం 1897 నాటి మత్స్య చట్టం నుంచీ నేరమే. ఆ మాట బోర్డు మీద పెద్దక్షరాలతో రాయించండి.

కొత్తనీరు వచ్చినప్పుడు వాలుగ ఎదురెక్కి గుడ్లు పెడుతుంది. ఆ రోజుల్లో బొగ్గేరు, బీరాపేరు పెన్నలో కలిసేచోట అడ్డువల కట్టకుండా ఒప్పించండి. మీరూ గాలం ముట్టుకోకండి.

ఇక గాలం సంగతి. పట్టిన చేపను ప్రాణంతో తిరిగి ఏట్లో వదలడానికే ఈ జాగ్రత్తలన్నీ. గాలానికి ఒక్క కొక్కెమే ఉండాలి. దాని మొన దగ్గర వెనక్కి తిరిగి ఉండే చిన్న ముల్లును పట్టకారుతో నొక్కి చదును చేయండి. దారం గట్టిది వాడండి. సన్నదారంతో గంటసేపు ఆడించి పట్టిన చేప ఈదిపోయినట్టే కనిపించి తర్వాత చచ్చిపోవచ్చు. చేప దగ్గరికి రాగానే మోకాళ్ల లోతు నీళ్లలోకి దిగండి, ఒడ్డుకు ఈడ్చకండి. వాలుగకు పొలుసు ఉండదు, ఒంటిమీది జిగురే దానికి రక్ష. వేడి ఇసుక తగిలినా, పొడి చేతులతో పట్టినా ఆ జిగురు ఊడి వస్తుంది. నోరు కన్ను దాటి వెనక్కి చీలి ఉంటుంది, లోపలికి వంగిన సన్నపళ్లు వరసలుగా ఉంటాయి. వేళ్లు పెట్టకుండా పట్టకారుతోనే కొక్కెం తీయండి. లోపలికి మింగేసి ఉంటే లాగొద్దు, దారం దగ్గరగా కోసేయండి. ఫొటో కోసం మొప్పల్లో వేళ్లు దూర్చి వేలాడదీస్తే నాకు ప్రాణం పోయినట్టుంటుంది. రెండు చేతులూ పొట్ట కింద పెట్టి, నీళ్లలోనే ఉంచి ఫొటో తీసుకోండి. తర్వాత తల పారే నీటికి ఎదురుగా పెట్టి పట్టుకోండి. మొప్పలు నిదానంగా తెరిచి మూస్తూ, తోక మీ చేతిని తోసేదాకా ఆగండి.

పడిన ప్రతి చేపనూ నోట్‌బుక్‌లో ఎక్కించండి: తేదీ, జాతి, పొడవు, నీళ్లు ఎలా ఉన్నాయి. జాతి తప్పకుండా రాయాలి. కావేరిలో గలిబోరె దగ్గర 1998 నుంచి 2012 దాకా గాలం వేసేవాళ్లు రాసిన లెక్కలు తీసి చూస్తే, మొత్తం మహసీర్లు పెరిగినా అక్కడి సొంత జాతి, మూపురం మహసీర్, తగ్గిపోతున్నట్టు బయటపడింది. పెరిగింది హేచరీ (చేపపిల్లల్ని పుట్టించే కేంద్రం) నుంచి తెచ్చి వదిలిన వేరే జాతి. 2018లో ఐయూసీఎన్ మూపురం మహసీర్‌ను అంతరించిపోయే అంచున ఉన్న జాతిగా ప్రకటించింది.

అందుకని మీ మడుగు పేరు బయటికి వచ్చాక ఎవరైనా చేపపిల్లలు తెచ్చి వదులుతామంటే ఆశపడకండి. ఏ జాతివి, ఎక్కడివి అని అడగండి, మత్స్యశాఖ వాళ్లకు చూపించండి. ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ ఒక్కటి కలిసినా మడుగులోని చిన్న చేపల్ని తినేస్తుంది. పెన్న వాలుగ పిల్లలు పెన్నలోనే పుట్టనివ్వండి.