ఆరు వారాల్లో గ్రూప్ రైడ్‌కి సిద్ధమవడం: చాలాకాలం తర్వాత సైకిల్ ఎక్కేవాళ్ల కోసం

మూడేళ్లు సైకిల్ ముట్టుకోలేదు. స్నేహితులు 50 కిలోమీటర్ల గ్రూప్ రైడ్‌కి పిలిస్తే వెంటనే సరే అన్నాను, ఆ రాత్రే టెన్షన్ మొదలైంది. చేతిలో ఆరు వారాలున్నాయి. ఆయాసం వస్తుందేమోనని భయపడ్డాను కానీ ఊపిరి మూడో వారానికే కుదురుకుంది. నన్ను నిజంగా ఇబ్బంది పెట్టినవి కూర్చునే చోటు, అరచేతులు, మెడ, ఇంకా పక్కన మరొకరు తొక్కుతుంటే బిగుసుకుపోయే భుజాలు. అందుకే ఇక్కడ వాటి గురించే ఎక్కువ రాస్తున్నాను. గుండె జబ్బో, పాత మోకాలి దెబ్బో ఉన్నవాళ్లు మాత్రం ముందు డాక్టర్‌ని అడగండి.

మొదట సైకిల్‌ని చూసుకోవాలి. వాడకుండా ఉంచితే ట్యూబులో గాలి దానంతటదే తగ్గిపోతుంది, అది పంక్చరే కానక్కర్లేదు. ఎంత గాలి పట్టాలో టైరు పక్కభాగం మీద పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) అంకెల్లో రాసి ఉంటుంది. గాలి కొట్టాక టైరు చుట్టూ వేలితో తడిమి చూడండి. నా వెనక టైరు పక్కల సన్నటి పగుళ్లు కనిపించినా ఇంకో నెల వస్తుందిలే అనుకున్నాను. రెండో రైడ్‌లోనే అది చీలింది, 6 కిలోమీటర్లు సైకిల్‌ని నడిపించుకుంటూ ఇంటికొచ్చాను. పగుళ్లు కనబడితే టైరు మార్చేయండి. బ్రేకు పట్టినప్పుడు లివర్ హ్యాండిల్‌కి తగిలేంత దగ్గరకి రాకూడదు. చైన్‌ని పాత గుడ్డతో తుడిచి, ఒక్కో లింకు మీద ఒక్కో చుక్క ఆయిల్ వేసి, కాసేపు ఆగి పైన మిగిలింది తుడిచేయండి. ఆ తడి ఉంటే దుమ్మంతా దానికే అంటుకుంటుంది. హెల్మెట్‌కి ఎప్పుడైనా గట్టి దెబ్బ తగిలి ఉంటే కొత్తది కొనాల్సిందే, లోపలి ఫోమ్ ఒకసారి నలిగితే మళ్లీ కాపాడదు.

ఇప్పుడు సీటు ఎత్తు. నేను మానేసిన రోజుల్లో మా అబ్బాయి ఆ సైకిల్ తొక్కి సీటు దించేశాడు. నేను గమనించలేదు, వారం తిరిగేసరికి మోకాలి చిప్ప ముందువైపు నొప్పి పట్టుకుంది. సీటు తక్కువైతే మోకాలి ముందు, ఎక్కువైతే మోకాలి వెనక నొప్పి రావడం మామూలు. సరిచూసుకోవడం తేలికే. గోడ పట్టుకుని సీటు మీద కూర్చుని, మడమ పెడల్ మీద పెట్టి కిందిదాకా తిప్పండి. అక్కడ కాలు నిటారుగా ఉండాలి. అప్పుడు పాదం ముందుభాగంతో తొక్కితే మోకాలు కొద్దిగా వంగి ఉంటుంది, అదే కావలసింది. తర్వాత మార్పులేమైనా చేస్తే ఒక్కోసారి 3, 4 మిల్లీమీటర్లు మాత్రమే.

కూర్చునే చోటు అలవాటు పడాలంటే ఆదివారం ఒక్కసారి గంటలకొద్దీ తొక్కడం కంటే వారానికి మూడుసార్లు కొద్దికొద్దిగా తొక్కడం మేలు. నేను మొదటి వారం మూడు రోజులూ చదునైన రోడ్డు మీద 8 కిలోమీటర్లే వెళ్లాను. ప్యాడ్ ఉన్న సైక్లింగ్ షార్ట్స్ వేసుకుంటే లోపల ఇంకేమీ వేసుకోకండి, కుట్లు రాసుకుని పుండ్లు పడతాయి. చిటికెన వేలు తిమ్మిరెక్కుతోందంటే అరచేతి అంచున నరం మీద బరువు పడుతోందని అర్థం. మోచేతులు కాస్త వంచి, కొన్ని నిమిషాలకోసారి పట్టు మార్చండి. మెడ నొప్పి కూడా దాంతోనే తగ్గింది నాకు.

వారానికో పొడవైన రైడ్‌ని నేను ఇలా పెంచాను: 8, 15, 20, 28, 38 కిలోమీటర్లు, ఆరో వారం బాగా తగ్గించాను. 38 హాయిగా తొక్కగలిగితే 50కి భయం లేదు. వేగం సంగతికొస్తే, పక్కవాళ్లతో పూర్తి వాక్యాలు మాట్లాడగలిగేలా ఉంటే చాలు. బరువైన గేరులో బలవంతంగా తొక్కకండి, మోకాళ్లకి అది శిక్ష. 15 సెకన్లలో కుడి మోకాలు ఎన్నిసార్లు పైకొస్తోందో లెక్కపెట్టండి. 20 వస్తే నిమిషానికి 80 చుట్లు, బాగున్నట్టే.

గుంపులో తొక్కడం మాత్రం వేరే విద్య, ఒంటరిగా ఎంత తొక్కినా రాదు. ముందున్నవాళ్లు గాలిని చీల్చుకుంటూ పోతారు కాబట్టి వెనక ఉన్నవాళ్లకి శ్రమ బాగా తగ్గుతుంది, కానీ అందుకు దగ్గరగా వెళ్లాలి. నాలుగో వారం నుంచి ఒక స్నేహితురాలితో ఖాళీ రోడ్డు మీద సాధన చేశాను. మొదట మూడు మీటర్ల దూరం, కుదిరాక ఒక సైకిల్ పొడవు. ఒక్క నియమం ప్రాణంలా పాటించండి: మీ ముందు చక్రం ముందువాళ్ల వెనక చక్రం పక్కకి చేరకూడదు. వాళ్లు కాస్త పక్కకి జరిగి రెండు చక్రాలు తగిలితే సాధారణంగా పడేది వెనకవాళ్లే. చూపు ముందున్న చక్రం మీద కాకుండా వాళ్ల భుజాల మీదుగా దూరంగా ఉండాలి. వేగం తగ్గించాలంటే ముందు తొక్కడం ఆపండి, ఆ తర్వాతే బ్రేకు, అదీ మెల్లగా. "గుంత", "ఆగుతున్నా" అని గట్టిగా చెప్పడానికి మొహమాటపడకండి. వెనక్కి తిరిగి చూసినప్పుడు సైకిల్ కూడా అటే జరుగుతుంది. ఖాళీ మైదానంలో ఒక గీత మీద తొక్కుతూ వెనక్కి చూడటం, ఒంటిచేత్తో నీళ్లు తాగడం నేర్చుకోండి. నాకు వారం పట్టింది.

పంక్చర్ వేయడం ఇంట్లోనే రెండుసార్లు చేసి చూడండి. వెనక చక్రం తీసేముందు చైన్‌ని అన్నిటికన్నా చిన్న పళ్ల చక్రం మీదికి తెస్తే సులువు. కొత్త ట్యూబు వేసేముందు టైరు లోపల వేలితో జాగ్రత్తగా తడమండి, ముల్లు అక్కడే ఉంటే కొత్త ట్యూబూ పంక్చరవుతుంది. మొదటిసారి నాకు 40 నిమిషాలు, రెండోసారి 15.

గంట దాటే రైడ్‌లో గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం అందేలా తింటూ ఉండాలి. అలవాటు లేని తిండిగానీ కొత్త షార్ట్స్‌గానీ గ్రూప్ రైడ్ రోజు వద్దు.

గ్రూప్ రైడ్ నడిపించేవాళ్లని ముందే మూడు అడగండి: సగటు వేగం ఎంత, ఎత్తుపల్లాలు ఎన్ని, వెనకబడినవాళ్ల కోసం ఆగుతారా. చాలాకాలం తర్వాత వస్తున్నానని కూడా చెప్పండి. కొత్తవాళ్లు మొహమాటంతో గుంపు చివరికి పోతారు, కానీ ముందు చిన్నగా తగ్గిన వేగం చివరికొచ్చేసరికి పెద్ద కుదుపవుతుంది. ఆగడం, మళ్లీ ఉరికి అందుకోవడంతోనే అలిసిపోతారు. నేను అడిగి మూడో స్థానం తీసుకున్నాను. 50 కిలోమీటర్లూ నా ముందు ఒకే భుజాలు, ఒకే వేగం.