ఓ-యు-జి-హెచ్ పదాలు: శబ్దాన్ని బట్టి గుంపు కట్టి నేర్చుకునే పద్ధతి

ఇంగ్లీషులో ఓ, యు, జి, హెచ్ అనే నాలుగు అక్షరాలు వరుసగా వచ్చే పదాలు చాలా ఎక్కువేమీ లేవు. కానీ ఆ నాలుగింటినీ కనీసం ఏడు రకాలుగా పలుకుతారు. అందుకే వీటిని అక్షర క్రమంలో జాబితా రాసుకుని బట్టీ పడితే పరీక్ష దాకా కూడా నిలవవు. స్పెల్లింగ్‌ను పక్కనపెట్టి, ఒకేలా వినిపించే పదాలను ఒక గుంపుగా రాసుకోవాలి. ఇక్కడ ఇచ్చినవి బ్రిటిష్ ఉచ్చారణలు; మన పాఠ్యపుస్తకాల స్పెల్లింగ్ కూడా ఆ సంప్రదాయానిదే.

ముందు కారణం తెలిస్తే సగం భయం పోతుంది. పాత ఇంగ్లీషులో జి-హెచ్ ఉన్న చోట గొంతులోంచి వచ్చే ఒక శబ్దం ఉండేది. జర్మన్‌లో అది ఇప్పటికీ ఉంది. ఇంగ్లీషులో మాత్రం కొన్ని పదాల్లో పూర్తిగా మాయమైంది, కొన్నింటిలో ‘ఫ’గా మారింది. 1476లో కాక్స్‌టన్ ఇంగ్లండ్‌లో అచ్చు యంత్రం పెట్టాక స్పెల్లింగులు మెల్లగా స్థిరపడ్డాయి, నోటిమాట మాత్రం మారుతూనే పోయింది. అక్షరాలు పాతవి, పలుకు కొత్తది.

మొదట నేర్చుకోవలసినది చివర ‘టి’ ఉన్న గుంపు. నాలుగు అక్షరాల తర్వాత టి వస్తే ‘ఆట్’ అని పలకాలి. ఈ ‘ఆ’ను ‘ఆఫీసు’లో లాగా పెదవులు కొంచెం గుండ్రంగా చేసి అనాలి. బాట్ అంటే కొన్న, బ్రాట్ అంటే తెచ్చిన, థాట్ అంటే అనుకున్న లేదా ఆలోచన, ఫాట్ అంటే పోరాడిన, సాట్ అంటే వెతికిన, కోరిన. ‘ఆట్ టు’ అంటే చేయడం ధర్మం అని. రాట్ ముందు పలకని డబ్ల్యూ ఉంటుంది. రాట్ ఐరన్ అంటే కాల్చి, కొట్టి మలిచిన ఇనుము. ఈ నియమాన్ని తప్పే పదాల్లో తరచుగా కనిపించేది ఒక్కటే: కరువు అనే అర్థమిచ్చే డ్రౌట్. అనంతపురం గురించిన ఇంగ్లీషు వార్తల్లో ఈ మాట ఎన్నోసార్లు ఎదురవుతుంది. దాన్ని డ్రాట్ అనకూడదు.

ఇక్కడే ఓ-యు-జి-హెచ్-టి రాయాలా, ఏ-యు-జి-హెచ్-టి రాయాలా అన్న సందేహం వస్తుంది. క్రియ అసలు రూపం చూడండి. క్యాచ్, టీచ్ అన్న పదాల స్పెల్లింగ్‌లో ఏ ఉంది. కాబట్టి భూతకాలం కాట్, టాట్ కూడా ఏ-యుతోనే రాయాలి. బై, బ్రింగ్, థింక్, ఫైట్, సీక్‌లలో ఏ లేదు, వాటికి ఓ-యు. బాట్, బ్రాట్ కలిసిపోతుంటే బ్రింగ్‌లో ఆర్ ఉందని గుర్తుంచుకోండి. తెచ్చినదానికి ఆర్ ఉంటుంది, కొన్నదానికి ఉండదు.

చివర టి లేని పదాలకు ఇలాంటి సూత్రం లేదు, గుంపుగా గుర్తుపెట్టుకోవాల్సిందే. ‘అఫ్’ గుంపులో టఫ్ అంటే కఠినమైన, రఫ్ అంటే గరుకు, ఇనఫ్ అంటే చాలినంత. ‘ఆఫ్’ గుంపులో కాఫ్ అంటే దగ్గు. ‘కాఫీ’లోంచి చివరి ఈ తీసేస్తే సరిగ్గా ఆ పలుకే. చాలామంది దీన్ని కఫ్ అంటారు, కానీ కఫ్ అంటే చొక్కా చేతి అంచు. ట్రాఫ్ కూడా ఈ గుంపుదే. పశువుల తొట్టిని అలా అంటారు. వాతావరణ బులెటిన్లలో మనం వినే ‘ద్రోణి’కి ఇంగ్లీషు మాట కూడా ఇదే.

‘ఓ’ గుంపులో దో, ఆల్‌దో రెండింటికీ ‘అయినప్పటికీ’ అని అర్థం. డో అంటే కలిపిన పిండి ముద్ద. ‘ఔ’ గుంపులో ప్లౌ అంటే నాగలి లేదా దున్నడం, బౌ అంటే చెట్టు పెద్ద కొమ్మ. ‘ఊ’కు మూలపదం థ్రూ ఒక్కటే: ద్వారా, గుండా. దాని నుంచే థ్రూఅవుట్ వచ్చింది. చివరగా ‘అ’ శబ్దం: థరా అంటే క్షుణ్ణమైన, బరా అంటే నగర పాలనా విభాగం. అమెరికన్లు వీటిని థరో, బరో అంటారు. న్యూయార్క్ నగరంలో అలాంటి బరోలు 5 ఉన్నాయి. స్లఫ్, స్లౌ రెండింటికీ స్పెల్లింగ్ ఒక్కటే: స్లఫ్ అంటే పాము కుబుసం విడవడం, స్లౌ అంటే బురదగుంట.

ఎక్కువ ప్రమాదం దో, థాట్, థ్రూ, థరా దగ్గరే. ఈ నాలుగింటినీ ఒకే రోజు పక్కపక్కన పెట్టుకుని చదవకండి. ఒకదాని అక్షరాలు ఇంకోదానిలోకి జారతాయి. ఒక్కోదాన్ని దాని గుంపుతోనే నేర్చుకుని, అన్నీ వచ్చాక మాత్రమే పోల్చుకోండి. అప్పుడు అక్షరాల లెక్క సాయపడుతుంది. టఫ్‌కు 5, దోకు 6, థ్రూకు 7, థాట్‌కు 7, థరాకు 8. ఉద్యోగుల దరఖాస్తు మీద ‘థ్రూ ప్రాపర్ ఛానల్’ అని రాసేటప్పుడు ఒక ఓ ఎక్కువ పడితే అది థరా అవుతుంది. రెండూ సరైన పదాలే కనుక చాలాసార్లు కంప్యూటర్ ఎర్రగీత కూడా వేయదు. ఆర్ వెంటనే హెచ్ పక్కన ఉంటే థ్రూ, మధ్యలో ఓ ఉంటే థరా.

సాధనకు చిన్న అట్టముక్కలు చాలు. ఒకవైపు స్పెల్లింగ్ మాత్రమే, రెండోవైపు తెలుగు లిపిలో ఉచ్చారణ, అర్థం, మీరే కూర్చిన ఒక వాక్యం రాయండి. రోజుకు ఒక గుంపు తీసుకోండి. టి గుంపు పెద్దది కాబట్టి దానికి రెండు రోజులు ఇవ్వండి. మర్నాడు కొత్త గుంపు మొదలుపెట్టే ముందు, ఇంట్లో ఎవరిచేతనైనా తెలుగు అర్థాలు చదివించుకుని, మీరు స్పెల్లింగ్ రాయండి. తప్పిన అట్టలను పైకి తెచ్చుకోండి.

ఉచ్చారణ సరిచూసుకోవడానికి ఫోన్‌లో వాయిస్ టైపింగ్‌ను ఇంగ్లీషులో పెట్టి, పూర్తి వాక్యం చెప్పండి. విడి పదం చెబితే లాభం లేదు: ‘విసిరాడు’ అనే అర్థమున్న మాట కూడా థ్రూ అనే వినిపిస్తుంది, ఫోన్ దాన్నే టైప్ చేయవచ్చు. దో అనేటప్పుడు నాలుకను పళ్ల మధ్యకు తెచ్చి ‘ద’లా పలకాలి. థాట్, థ్రూ, థరాలకు నాలుక అక్కడే ఉంచి గాలి మాత్రమే వదలాలి. ఆ గాలి లేకుండా ‘ట’ అంటే థాట్ కాస్తా టాట్ అయి, ‘అనుకున్నాను’ అన్నది ‘బోధించాను’ అవుతుంది.