కడుపుతో ఉన్నప్పుడు డిప్రెషన్: కనిపెట్టడం, సాయం అందించడం

నిద్ర పట్టదు, తిండి సయించదు, ఒంట్లో ఓపిక ఉండదు. ఇవి వేవిళ్లలోనూ ఉంటాయి, డిప్రెషన్‌లోనూ ఉంటాయి. 'ఒట్టి మనిషి కాదు కదా, మామూలే' అని ఇంట్లోవాళ్లు సరిపెట్టుకునేది అందుకే. గమనించాల్సినవి వేరు: ఇష్టమైన పని మీదా మనసు పోకపోవడం, ఊరికే ఏడుపు రావడం, 'ఈ బిడ్డను నేను పెంచలేను' అనడం.

ప్రతి చెకప్‌లో రెండు ప్రశ్నలు అడగండి. గత 2 వారాల్లో తరచూ దిగులుగా, ఆశ లేనట్టు అనిపించిందా? దేని మీదా ఆసక్తి లేకుండా పోయిందా? భర్తో అత్తగారో పక్కనుంటే నిజం బయటికి రాదు, ఒంటరిగా ఉన్నప్పుడే అడగాలి. ఒక్కదానికి 'అవును' అన్నా, డిప్రెషన్‌ను కనిపెట్టే ఎడిన్‌బరో ప్రశ్నావళి నింపించండి. 10 ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 3 మార్కులు. మొత్తం 13 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే డాక్టర్ తప్పక చూడాలి. పదో ప్రశ్న తనకు తాను హాని చేసుకోవాలన్న ఆలోచన గురించి. దానికి సున్నా కాక ఏది వచ్చినా, మొత్తం ఎంత తక్కువున్నా, ఆ రోజే వైద్యం అందాలి. అప్పటిదాకా ఆమెను ఒంటరిగా వదలొద్దు. పురుగుమందు, మాత్రలు ఇంట్లోంచి తీసేయండి.

హిమోగ్లోబిన్, థైరాయిడ్ పరీక్షలూ చేయించండి. హిమోగ్లోబిన్ 11 గ్రాములకు తగ్గినా, థైరాయిడ్ మందగించినా ఇలాంటి నీరసమే వస్తుంది.

వైద్యం అందని డిప్రెషన్‌లో 37 వారాలు నిండకముందే కాన్పు కావడం, బిడ్డ రెండున్నర కిలోల కన్నా తక్కువ బరువుతో పుట్టడం కాస్త ఎక్కువ. సరిగా తినకపోవడం, ఐరన్ మాత్రలు మానేయడం, చెకప్‌కు వెళ్లకపోవడం దీనికి కొంత కారణం. అందరికీ ఇలా జరగదు, కాబట్టి ఈ మాట చెప్పి ఆమెను భయపెట్టకండి. చెకప్ రోజున వెంట వెళ్లండి, మాత్ర చేతికివ్వండి.

తక్కువ స్థాయిలో ఉంటే కౌన్సెలింగ్‌తోనే కుదుటపడొచ్చు. తీవ్రమైతే మందులు కావాలి. సెర్ట్రాలిన్ లాంటివి గర్భిణులకు ఎన్నో ఏళ్లుగా ఇస్తున్నారు. గర్భం అని తెలియగానే పాత మందు ఒక్కసారిగా ఆపేయడమే ఎక్కువగా జరిగే పొరపాటు, జబ్బు తిరగబెడుతుంది. మూర్ఛకూ, కొన్ని మానసిక జబ్బులకూ ఇచ్చే సోడియం వాల్‌ప్రోయేట్ వాడుతుంటే మాత్రం వెంటనే డాక్టర్‌కు చెప్పాలి, అది బిడ్డకు హాని చేస్తుంది. దాన్నీ సొంతంగా ఆపొద్దు.

ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడొచ్చు. ప్రాణం మీదికొస్తే 108.

పుట్టింటికి కాన్పుకు వెళ్లేటప్పుడు వైద్యం తెగిపోతుంటుంది. మందుల చీటీ, స్కోరు రాసిన కాగితం తల్లీబిడ్డల కార్డులో పెట్టి పంపండి. అక్కడి డాక్టర్‌కు, ఆశా కార్యకర్తకు మొదటి రోజే చూపించాలి.