లడ్లో పక్క పల్లెకు కొత్తగా వచ్చినవాళ్ళకు

"పల్లెటూళ్ళో ఏం తోస్తుంది?" అని లండన్‌లోని మనవాళ్ళు జాలిపడతారు. ఇంగ్లండ్‌లోని ష్రాప్‌షైర్‌లో, లడ్లో అనే చిన్న పట్టణం పక్క పల్లెలో కాపురం పెట్టాక నాకు తోచకపోవడం మాట అటుంచి, ఊపిరి సలపలేదు. బస్సు, చెత్త లారీ, ఆయిల్ ట్యాంకర్ వాటి వాటి రోజుల్లోనే వస్తాయి. వాటికి మనమే సర్దుకోవాలి.

వచ్చిన వారంలోనే సర్జరీలో పేరు రాయించుకోండి. జీపీ, అంటే ఏ జబ్బుకైనా ముందుగా చూపించుకునే మామూలు డాక్టరు, ఉండే క్లినిక్‌నే ఇక్కడ సర్జరీ అంటారు. "సర్జరీకి వెళ్తున్నానమ్మా" అని ఇంటికి ఫోన్ చేసి నేను చేసిన పొరపాటు మీరు చేయకండి, అమ్మ ఏడుపు ఆపడానికి అరగంట పట్టింది. పేరు రాయించుకోవడానికి డబ్బు కట్టక్కర్లేదు. ఇంటి అద్దె కాగితాలు ఇంకా చేతికి రాలేదన్నా చేర్చుకోవాలి, చిరునామా రుజువు లేదని తిప్పి పంపకూడదు. అర్ధరాత్రి జ్వరానికి సలహా కావాలంటే 111కి, ప్రాణం మీదికి వస్తే 999కి ఫోన్ చేయండి.

చెత్త సంగతి తేలికే. మా దగ్గర ఒక వారం మామూలు చెత్త, మరుసటి వారం రీసైక్లింగ్. ఏ వారం ఏదో గుర్తు లేకపోతే ముందురోజు సాయంత్రం పక్కింటివాళ్ళు ఏ బిన్ బయట పెట్టారో చూసి అదే పెట్టండి. అందరం చేసేది అదే.

ఇంటి వెనక పెద్ద ప్లాస్టిక్ ట్యాంకు కనిపిస్తే మన మేడ మీది నీళ్ళ ట్యాంకు లాంటిదే అనుకోకండి. మా ఊరికి గ్యాస్ పైపు లేదు. ఆ ట్యాంకులోది కిరోసిన్, చలికాలం ఇల్లు వెచ్చబడేదీ స్నానానికి నీళ్ళు కాగేదీ దానితోనే. సాధారణంగా 500 లీటర్లకు తక్కువైతే తెచ్చి పోయరు. మొదటి చలికాలం నేను ట్యాంకు అడుగంటేదాకా చూసుకోలేదు, స్వెటర్ మీద స్వెటర్ వేసుకుని నాలుగు రాత్రులు గడిపాను. పావు వంతు ఉండగానే ఆర్డర్ పెట్టండి. ఊళ్ళో నలుగురైదుగురు కలిసి తెప్పించుకుంటే ధర కాస్త తగ్గుతుంది, అలాంటి జట్టు ఉందేమో పక్కింట్లో అడగండి.

బస్సులు తక్కువ, ఆదివారం మా ఊరికి అసలే రాదు. అందుకే అందరూ కారు కొంటారు. ఇండియా లైసెన్సు ఇక్కడ కాపురం పెట్టిన 12 నెలల వరకే చెల్లుతుంది, ఆ లోపే థియరీ, డ్రైవింగ్ పరీక్షలు రెండూ ముగించండి. మన దగ్గరిలాగే ఎడమవైపు నడపడమే కాబట్టి వచ్చేసినట్టే అనుకుంటాం. రెండు పక్కలా మనిషెత్తు పొదల కంచె, ఒక్క కారు పట్టే దారి, మలుపు తిరగ్గానే ఎదురుగా ట్రాక్టర్! అక్కడ హారన్ కొట్టి లాభం లేదు. వెడల్పున్న చోటి దాకా వెనక్కి పోవడం వచ్చి ఉండాలి, కాబట్టి రివర్స్ బాగా నేర్చుకోండి. దారి ఇచ్చినవాళ్ళకు చెయ్యెత్తడం మరిచిపోతే ఊరంతా గుర్తుంచుకుంటుంది. గుర్రం కనిపిస్తే వేగం గంటకు 10 మైళ్ళకు దించి, కనీసం 2 మీటర్లు ఎడంగా దాటండి.

పొలాల మధ్య పసుపు బాణం గుర్తున్న కాలిబాటలో ఎవరైనా నడవవచ్చు, పొలం ఎవరిదైనా సరే. గేటు మూసి ఉంటే మూసే వెళ్ళండి, తెరిచి ఉంటే తెరిచే ఉంచండి. దూడలతో ఉన్న ఆవుల దగ్గరికి మాత్రం పోకండి. మన ఇంటి ఆవులా అవి ఊరుకోవు.

కూరగాయలకు లడ్లో కోట ముందరి సంత బాగుంటుంది. కందిపప్పు, కరివేపాకు కావాలంటే బర్మింగ్‌హామ్ వైపు గంటకు పైనే ప్రయాణం. నెలకోసారి వెళ్ళి, దారిలో టివిడేల్ బాలాజీ గుడి చూసుకుని వస్తాం. ఆదివారం వెళ్తే పెద్ద సూపర్‌మార్కెట్లు 6 గంటలే తెరిచి ఉంటాయని గుర్తుంచుకోండి.

శరదృతువులో విలేజ్ హాల్లో కోతల విందుకు పిలుస్తారు. "ఏమీ తేవద్దు" అన్నా చేతులూపుకుంటూ వెళ్ళకండి. నేను తీసుకెళ్ళిన పులిహోర గిన్నె ఖాళీ అయింది, ఆవకాయను మాత్రం ఒక పెద్దాయన తప్ప ఎవరూ ముట్టలేదు. పులిహోరలో వేరుశనగ గుళ్ళు వేస్తే గిన్నె పక్కన చీటీ రాసి పెట్టండి, ఎలర్జీ ఉన్నవాళ్ళు అడక్కుండానే చూసుకుంటారు.