బడి తెరిచిన వారం, పొద్దున్నే కడుపునొప్పి

జూన్ 12 దగ్గర పడుతోందంటే కొన్ని ఇళ్లలో పిల్లలకంటే పెద్దవాళ్లకే టెన్షన్.

సమస్య: ఏడున్నరకి కడుపునొప్పి. బస్సు వెళ్లిపోయాక, పదింటికల్లా మాయం. ఆదివారం అసలు రాదు.

కారణం: నటన అనుకోకండి. భయం వేస్తే అడ్రినలిన్ పెరిగి కడుపులో తిప్పుతుంది, నొప్పి నిజంగానే వస్తుంది. "సరే, ఇవాళ మానెయ్" అనగానే తగ్గుతుంది. చిక్కంతా అక్కడే. మానేస్తే హాయిగా ఉందని మనసుకి తెలిసిపోయింది కాబట్టి రేపటి భయం ఇంకాస్త పెద్దదవుతుంది.

పరిష్కారం: జ్వరం, వాంతులు, బరువు తగ్గడం, రాత్రి నిద్రలోంచి లేపే నొప్పి ఉంటే ముందు డాక్టరుకి చూపించండి. అవేవీ లేకపోతే "ఏం కాదులే" అనకుండా "నొప్పిగా ఉందని తెలుసు నాన్నా, అయినా వెళ్దాం" అనండి. రోజంతా కష్టమైతే టీచరుతో మాట్లాడుకుని మొదట ఇంటర్వెల్ దాకా, తర్వాత లంచ్ దాకా కూర్చోబెట్టండి. కాసేపు ఉండి రావడం వేరు, అసలు వెళ్లకపోవడం వేరు. అమ్మమ్మ దిష్టి తీస్తానంటే తీయనివ్వండి, తీశాక బస్సెక్కించండి.

సమస్య: నీళ్ల సీసా నిండుగా తిరిగొస్తోంది.

కారణం: బడి బాత్రూమ్ అంటే భయం. గడియ పడదనో, వాసన అనో, అడిగితే టీచర్ తిడతారనో నీళ్లే మానేస్తారు. నోరు తెరిచి చెప్పరు.

పరిష్కారం: పుస్తకాలు, యూనిఫాం కొనడానికి వెళ్లినప్పుడే కొత్త క్లాసు, బాత్రూమ్ చూపించి రండి. అడగకుండానే వెళ్లొచ్చేలా ఒక సైగ పెట్టమని టీచరుని అడగండి. సెక్షన్లు మార్చి స్నేహితురాలిని వేరు చేసి ఉంటే అదీ అప్పుడే చెప్పండి. తెలిసిన ముఖం ఒక్కటి పక్క బెంచీలో ఉన్నా చాలు.

సమస్య: గేటు దగ్గర ఏడుపు, చెయ్యి వదలదు.

పరిష్కారం: రోజూ ఒకే మాట చెప్పి, ముద్దు పెట్టి, వచ్చేయండి. చెప్పకుండా జారుకోవద్దు. గోడ సందులోంచి తొంగిచూడనూ వద్దు (నేను దొరికిపోయాను).

సెలవుల్లో పదకొండింటికి పడుకునే అలవాటైతే వారం ముందు నుంచి రోజుకి పావుగంట చొప్పున త్వరగా పడుకోబెట్టండి.

రెండు వారాలైనా బడికి వెళ్లలేకపోతుంటే పిల్లల సైకాలజిస్టుని కలవండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కి ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు.

ఎవరో కొడుతున్నారనో ఏడిపిస్తున్నారనో తెలిస్తే మాత్రం పైన చెప్పినవన్నీ పక్కన పెట్టండి. అప్పుడు సర్దుకోవాల్సింది పిల్ల కాదు. టీచరైనా సరే, కొట్టడం 2009 విద్యాహక్కు చట్టంలోని 17వ సెక్షన్ ప్రకారం నిషేధం. ముందు హెడ్మాస్టరుని కలిసి ఆ సంగతి తేల్చుకోండి, రాతపూర్వకంగా.