భారీ జాతి కుక్కపిల్లకు కాల్షియం సిరప్ వద్దు

కాపలా కోసం గ్రేట్ డేన్, మాస్టిఫ్ లాంటి భారీ జాతి కుక్కపిల్లను తెచ్చుకోగానే చాలామంది ముందు కాల్షియం సిరప్ కొంటారు. "ఇంత పెద్ద ఒళ్లు, ఎముకలు గట్టిపడొద్దా" అని. షాపువాళ్లూ అడక్కుండానే సీసా చేతిలో పెట్టేస్తారు. మంచి రెడీమేడ్ ఫుడ్ పెడుతుంటే అది అక్కర్లేదు, పైగా హాని. చిన్న వయసులో కుక్కపిల్లల పేగులు అదనపు కాల్షియాన్ని సరిగా అడ్డుకోలేవు. అది ఒంట్లో చేరి ఎముకలు, కీళ్ల ఎదుగుదలను దెబ్బతీస్తుంది. కాళ్లు వంకరపోవడం, కుంటడం లాంటివి దాంతో రావచ్చు.

ప్యాకెట్ మీద 'లార్జ్ బ్రీడ్ పప్పీ' లేదా 'జెయింట్ పప్పీ' అని ఉన్న ఫుడ్ తీసుకోండి. వాటిలో కాల్షియం లెక్కచూసే వేస్తారు. బొద్దుగా ఉంటే ముద్దొస్తుంది, నిజమే. కానీ చేత్తో తడిమితే పక్కటెముకలు తెలియాలి. ఈ జాతులు పూర్తిగా ఎదగడానికి ఏడాదిన్నర నుంచి రెండేళ్లు పడుతుంది. అందాకా మెట్ల మీద పరుగులు, ఎత్తు నుంచి దూకించడం వద్దు. నున్నటి టైల్స్ మీద జారకుండా రబ్బరు మ్యాట్ పరవండి.

ఇంట్లో వండిన అన్నం, చికెన్ మాత్రమే పెట్టేవాళ్ల సంగతి వేరు. అందులో కాల్షియం చాలా తక్కువ. ఎంత కలపాలో వెటర్నరీ డాక్టరుతోనే లెక్క వేయించుకోండి.