సహరచయితల పేర్లు జారిపోకుండా రిఫరెన్సులు రాయడం

మొదట మీ గైడును అడగవలసింది రెండు విషయాలు: సిద్ధాంత గ్రంథంలో రిఫరెన్సులు ఏ శైలిలో రాయాలి, అందులో ఎన్నో కూర్పు (ఎడిషన్)? ఉస్మానియా విశ్వవిద్యాలయం దారిలో సిద్ధాంత గ్రంథాలకు ప్రూఫులు చూసే పని నాది. నా బల్ల మీదకు వచ్చే ప్రతుల్లో పాత నియమమూ కొత్త నియమమూ తరచుగా కలిసిపోయి ఉంటాయి. ఏపీఏ (అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్) శైలి ఆరో కూర్పులో ముగ్గురి నుంచి ఐదుగురి వరకు రచయితలుంటే, అధ్యాయంలో వారిని మొదటిసారి పేర్కొన్నప్పుడు అందరి పేర్లూ రాయాలి. 2019లో వచ్చిన ఏడో కూర్పు దాన్ని మార్చింది. ఇప్పుడు ఇద్దరుంటే ప్రతిసారీ ఇద్దరి పేర్లూ ఉండాలి. ముగ్గురు, ఆపైన ఉంటే మొదటిసారి నుంచే మొదటి రచయిత ఇంటిపేరు, ‘ఎట్ ఆల్.’ (et al., అంటే ‘మరికొందరు’), సంవత్సరం చాలు. చుక్క ‘ఆల్’ తర్వాతే.

ఈ కుదింపు అధ్యాయాల లోపలికే పరిమితం. గ్రంథం చివర ఇచ్చే రిఫరెన్సుల పట్టికలో 20 మంది వరకు అందరూ కనిపించాలి. అంతకు మించితే మొదటి 19 మంది, మూడు చుక్కలు, చివరి రచయిత. హిగ్స్ బోసాన్ అనే భౌతికశాస్త్ర కణం ద్రవ్యరాశిపై 2015లో వెలువడిన వ్యాసానికి 5,154 మంది రచయితలు. అక్కడ ఇలా కుదించక తప్పదు. నలుగురు రాసిన వ్యాసానికి ఏపీఏ పట్టికలో ‘ఎట్ ఆల్.’ పెట్టి ముగ్గురిని తీసేస్తే మాత్రం నాకు మనసు ఒప్పదు. ఊరూరూ తిరిగి ప్రశ్నావళి నింపించుకుని వచ్చిన మనిషి ఆ ముగ్గురిలో ఉండవచ్చు. పేర్ల వరుసనూ అకారాది క్రమంలోకి మార్చకండి, అచ్చులో ఉన్నట్టే ఉంచండి.

ఎంఎల్‌ఏ (మోడర్న్ లాంగ్వేజ్ అసోసియేషన్) శైలిలో ముగ్గురు దాటనవసరం లేదు, ముగ్గురున్నా పట్టికలో కూడా మొదటి పేరు, ‘ఎట్ ఆల్.’ సరిపోతాయి. వైద్య విద్యార్థులు వాడే వాంకోవర్ శైలిలో సాధారణంగా ఆరుగురి తర్వాత కుదిస్తారు.

అసలు చిక్కు మన పేర్లతోనే. ఇంటిపేరు ముందు పొడి అక్షరంగా ఉంటుంది, రిఫరెన్సులు తయారుచేసే సాఫ్ట్‌వేరేమో చివరి పదాన్నే ఇంటిపేరుగా తీసుకుంటుంది. అలా పట్టిక నిండా రావులు, రెడ్లు చేరతారు. మొదటి రచయితలు వేర్వేరు రావులైతే ఏపీఏ ప్రకారం, సంవత్సరాలు వేరైనా సరే, అధ్యాయాల్లో వారి పొడి అక్షరాలూ రాయాలి: కె. రావు, ఎస్. రావు. రావు, ఖాన్, శర్మ రాసిన 2020 వ్యాసమూ, అదే రావు, ఖాన్‌తో కలిసి దాస్ అదే ఏడు రాసిన వ్యాసమూ మీ దగ్గర ఉన్నాయనుకోండి. రెండూ కుదిస్తే ఒకేలా కనిపిస్తాయి. తేడా తెలిసే దాకా పేర్లు పెంచాలి. ఇక్కడ మూడో పేరు దాకా వెళ్లాలి, కాబట్టి ముగ్గురినీ రాయండి. ఒక్కరే మిగిలినప్పుడు వారి స్థానంలో ‘ఎట్ ఆల్.’ చెల్లదు. రచయితలంతా ఒక్కరే, సంవత్సరమూ ఒక్కటే అయితే సంవత్సరం పక్కన ఏ, బీ చేర్చండి.

తెలుగులో రాసే సిద్ధాంత గ్రంథంలో ‘ఎట్ ఆల్.’ బదులు ‘తదితరులు’ చక్కగా సరిపోతుంది. ఒకచోట అది, మరోచోట ‘మొదలైనవారు’ అని మార్చకండి.

రిఫరెన్సులను సేకరించి పట్టికగా అమర్చే సాఫ్ట్‌వేర్ జొటెరో ఉచితం, తప్పక వాడండి. అయితే అది తెచ్చిన పేరును అలాగే వదలకండి. వ్యాసం మొదటి పేజీ తెరిచి, రచయిత తన పేరు ఎలా రాసుకున్నారో చూసి దిద్దండి. ఒకే పదం పేరుంటే, పేరు పక్కనున్న చిన్న బొత్తాం నొక్కి రెండు గడులను ఒకటిగా మార్చండి. బైండింగుకు ఇచ్చే ముందు ప్రతి అచ్చు తీసి, అధ్యాయాల్లో రచయిత పేరు, సంవత్సరంతో ఇచ్చిన ప్రతి ఉల్లేఖనానికీ పట్టికలో జోడీ ఉందో లేదో పెన్సిలుతో టిక్కు పెట్టుకుంటూ చూడండి.